ఒడ్డున కావలి

"చేపపిల్లకు ఈత నేర్పాలా?" అంటారు మన పెద్దలు. చేపపిల్లకు నేర్పనక్కరలేదు. కాని మనిషిపిల్లకు నేర్పి తీరాలి. కుక్కపిల్ల నీటిలో పడితే కాళ్ళు ఆడించి ఒడ్డుకు చేరుకొంటుంది. మనిషికి ఆ నేర్పు పుట్టుకతో రాదు. ఒకరు నేర్పాలి, ఒకరు నేర్చుకోవాలి, మరొకరు ఒడ్డున నిలిచి కనిపెట్టి ఉండాలి. ఈ అవసరం నుంచే రెండు వృత్తులు పుట్టాయి. ఒకటి ఈత నేర్పే గురువు వృత్తి. రెండవది నీటి ఒడ్డున కావలి కాచే లైఫ్‌గార్డు వృత్తి. ఈ రెండింటినీ గురించి తెలుసుకొందాం.

మన పల్లెల్లో ఈతకు బడులు లేవు. కాలువ, చెరువు, దిగుడు బావి ఇవే బడులు. ఎండిన సొరకాయ బుర్రలో, బెండ్లో నడుముకు కట్టి పిల్లవానిని నీటిలోకి దింపేవారు. తండ్రో, మేనమామో పక్కనే ఉండి, భయం తీరినకొద్దీ ఆ కట్టు విప్పేవారు. అలా నేర్చినవారిలో కొందరు ఎంత లోతుకైనా దిగగలవారయ్యేవారు. వారినే గజ ఈతగాళ్ళు అంటాం. పుష్కరాలప్పుడు స్నానఘట్టాల వద్ద నేటికీ వారిని కాపలా ఉంచుతారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగిపోయింది. అప్పుడు ఒడ్డునున్న గిరిజనులు తమ చిన్న పడవలతో వెళ్ళి ఇరవైమందికి పైగా కాపాడారు. ఏటితో వారికున్న పరిచయమే అన్ని ప్రాణాలను నిలిపింది.

మీరు నివసించే ఈ గల్ఫ్ తీరానికీ అటువంటి చరిత్ర ఉన్నది. చమురు దొరకక ముందు ఇక్కడివారికి ముత్యాల వేట గొప్ప జీవనాధారం. వేసవిలో పడవలు నెలల తరబడి సముద్రంమీద ఉండేవి. గజ ఈతగాడు ముక్కుకు బిగింపు పెట్టుకొని, కాలికి రాయి తగిలించుకొని, మెడలో బుట్టతో అడుగుకు దిగేవాడు. పడవమీద మరొకడు తాడు పట్టుకొని నిలబడేవాడు. అతనిని సైబ్ అనేవారు. కిందివాడు తాడు కదిలించగానే పైవాడు లాగాలి. ఒక్క నిమిషం ఏమరితే ప్రాణం పోతుంది. 1930 ప్రాంతంలో జపాను పెంపుడు ముత్యాలు బజారుకు రావడం, ప్రపంచమంతటా వ్యాపారాలు దెబ్బతినడం వల్ల ఆ వేట క్షీణించింది. కాని సైబ్ చేసిన పని మాత్రం పోలేదు. నేటి లైఫ్‌గార్డు చేసేది ఆ పనే.

కరామాలో కాలువ లేదు, చెరువు లేదు. ఉన్నవి మేడలు, అంగళ్ళు, వీధులు. అయినా మనకు నీరు దూరం కాదు. కొన్ని భవనాల పైన, చాలా బడులలో ఈత కొలనులు ఉన్నాయి. జుమైరా, మమ్‌జర్ తీరాలు దగ్గరలోనే ఉన్నాయి. 1999లో వైల్డ్ వాడీ, 2008లో ఆక్వావెంచర్ అనే జలక్రీడా వనాలు తెరిచారు. 2010లో హమ్దాన్ క్రీడా ప్రాంగణంలో ప్రపంచ స్థాయి ఈత పోటీలు జరిగాయి. ఇన్ని చోట్ల ఇన్ని నీళ్ళున్నప్పుడు నేర్పేవారూ, కాచేవారూ ఎందరు కావాలో ఆలోచించండి.

నీరు ఎంత చల్లనిదో అంత నిర్దయమైనది కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో ప్రపంచంలో సుమారు మూడు లక్షలమంది నీట మునిగి చనిపోయారు. వారిలో ఇంచుమించు నాలుగోవంతు ఐదేళ్ళు నిండని పసివారు. అందుకే ఐక్యరాజ్యసమితి 2021లో తీర్మానం చేసి, జూలై 25వ తేదీని నీటి మరణాల నివారణ దినంగా ప్రకటించింది.

మునిగిపోయేవాడు "రక్షించండి!" అని కేకలు వేస్తాడని, చేతులు ఊపుతాడని సినిమాలు చూసి మనం అనుకొంటాం. అది పొరపాటు. ఊపిరి తీసుకోవడానికే నోరు చాలనివాడు కేక ఎలా వేస్తాడు? చేతులు వాటంతట అవే నీటిని కిందికి అదుముతాయి కాని పైకి లేవవు. తల వెనక్కి వాలుతుంది. నోరు నీటి మట్టంలో మునుగుతూ తేలుతూ ఉంటుంది. ఇదంతా ఇరవై నుంచి అరవై సెకన్లలో ముగిసిపోవచ్చు. పక్కనే ఉన్నవారు పిల్లవాడు ఆడుకొంటున్నాడనుకొంటారు. నీటి ఆపద చప్పుడు చేయకుండా వస్తుంది. కాబట్టి లైఫ్‌గార్డు చెవులతో కాదు, కళ్ళతో కాపలా కాస్తాడు.

చాలా చోట్ల వారికి ఒక లెక్క నేర్పుతారు. తన హద్దులోని నీటినంతా పది సెకన్లలో చూపుతో చుట్టి రావాలి. ఆపద కనబడితే ఇరవై సెకన్లలో అక్కడికి చేరాలి. ఇంత తొందర ఎందుకు? ప్రాణవాయువు అందకపోతే నాలుగైదు నిమిషాలకే మెదడు దెబ్బతినసాగుతుంది. ఒడ్డుకు తెచ్చినంత మాత్రాన పని తీరదు. ఊపిరి లేనివారికి నోటితో ఊపిరి అందించాలి. ముప్పైసార్లు ఛాతీని నొక్కడం, రెండుసార్లు ఊపిరి ఊదడం, ఈ వరుసను వైద్యులు వచ్చేవరకు సాగించాలి. ఛాతీని నిమిషానికి వంద నుంచి నూట ఇరవైసార్ల వేగంతో నొక్కాలి.

ఈ విద్యకు కట్టుబాట్లు ఏర్పడి ఎక్కువ కాలం కాలేదు. ఇంగ్లండులో 1891లో ప్రాణరక్షణ సంఘం ఒకటి ఏర్పడి ఈ పద్ధతులను బోధించసాగింది. ఆస్ట్రేలియాలోని బోండై తీరంలో 1938 ఫిబ్రవరి 6న పెద్ద అలలు వందలమందిని లోపలికి లాగివేశాయి. రక్షకదళం వారు సుమారు 250 మందిని ఒడ్డుకు చేర్చారు. అయిదుగురు మాత్రం దక్కలేదు. మన దేశంలో గోవా ప్రభుత్వం 2008లో తన తీరాల కాపలాను దృష్టి అనే సంస్థకు ఒప్పగించింది. ప్రాణరక్షణ కూడా ఒక సంస్థ నడపదగిన వ్యవహారమని దీనివల్ల తెలుస్తున్నది. విశాఖపట్నంలోని రుషికొండ తీరానికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. తీరంలో లైఫ్‌గార్డులు గాని, ప్రాణరక్షణ పరికరాలు గాని ఉండడం ఆ గుర్తింపుకు కావలసిన నియమాలలో ఒకటి.

ఇక ఈ వృత్తిలోకి ఎలా ప్రవేశించాలి? మొదటి మెట్టు తనకు ఈత బాగా రావడం. అయితే ఈత వచ్చినవాడల్లా గురువు కాలేడు. లెక్క చేయడం వేరు, లెక్క చెప్పడం వేరు కదా! రెండవ మెట్టు రక్షణ విద్య, ప్రథమ చికిత్స. మూడవ మెట్టు బోధనలో శిక్షణ. ఒక్కొక్క మెట్టుకూ పరీక్ష, యోగ్యతాపత్రం ఉంటాయి. రక్షణ విద్య యోగ్యతాపత్రానికి గడువు ఉంటుంది. గడువు తీరగానే మళ్ళీ పరీక్షకు నిలవాలి. మన దేశంలో గోవాలోని జాతీయ జలక్రీడల సంస్థ రక్షణ విద్యను నేర్పుతున్నది. దుబాయిలో పనిచేసేవారి యోగ్యతాపత్రం ఇక్కడి నగరపాలక సంస్థ ఆమోదించినదై ఉండాలి.

మంచి గురువు తొందరపడడు. ముందు ముఖం నీటిలో ముంచి బుడగలు వదలడం నేర్పుతాడు. తరువాత వెల్లకిలా తేలడం, ఆ తరువాత కాళ్ళు ఆడించడం, చివరకు చేతులు వేయడం. తేలడం ముందెందుకు? ఊపిరితిత్తుల నిండా గాలి ఉంటే మన శరీరం చాలావరకు నీటికంటె తేలిక. ఉప్పునీరు మంచినీటికంటె బరువైనది కాబట్టి సముద్రంలో ఇంకా సులువుగా తేలుతాం. అలసినవాడు వెల్లకిలా తేలుతూ ఊపిరి పీల్చుకొనగలిగితే సహాయం వచ్చేవరకు బ్రతికి ఉంటాడు. వేగం బహుమతులు తెస్తుంది, తేలడం ప్రాణం నిలుపుతుంది.

నేర్చుకోవడానికి వయసు అడ్డు కాదు. సామర్లకోటకు చెందిన గోలి శ్యామల నడివయసులో ఈత సాధన చేసి, 2021 మార్చిలో శ్రీలంకలోని తలైమన్నారు నుంచి ధనుష్కోటి వరకు, సుమారు 30 కిలోమీటర్ల సముద్రాన్ని ఈది దాటారు.

కొంతకాలం ఉద్యోగం చేసినవారు సొంతంగా ఈతబడి పెట్టుకోవచ్చు. కొలను కట్టనక్కరలేదు. సాయంకాలం బడి కొలనును అద్దెకు తీసుకొనేవారు ఉన్నారు. వ్యాపార అనుమతి, క్రీడాశాఖ వారి ఆమోదం, బీమా తప్పక ఉండాలి. ఇక ఆదాయం సంగతి ఒక లెక్కలో చూద్దాం. గంటకు కొలను అద్దె 150 దిర్హాములు, లైఫ్‌గార్డుకు 60 దిర్హాములు అనుకొందాం. పిల్లవానికి 50 చొప్పున ఆరుగురు చేరితే 300 వస్తాయి. ఖర్చు పోగా మిగిలేది 90. "పన్నెండుగురిని చేర్చుకొంటే 600 వస్తాయి, 390 మిగులుతాయి!" అని ఆశ పుడుతుంది. నిజమే. కాని గురువుకు ఉన్నవి రెండే కళ్ళు. కొలను అద్దెను పన్నెండుగురికి పంచవచ్చు, చూపును పంచలేం. 100 దిర్హాములిచ్చి మరొక గురువును పెట్టుకొంటే 290 మిగులుతాయి. లాభం కొంత తగ్గింది, కాని తల్లిదండ్రుల నమ్మకం నిలిచింది. ఈ వ్యాపారంలో అసలైన పెట్టుబడి ఆ నమ్మకమే.

ఉద్యోగం కోసం ఊరినుంచి వచ్చే అన్నలకు మీరు చెప్పవలసిన మాట ఒకటున్నది. ఈ దేశపు చట్టం ప్రకారం పనిలో చేర్చుకొన్నందుకు పనివాని నుంచి డబ్బు వసూలు చేయరాదు. యజమాని పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకోరాదు. ఏజెంటు ద్వారా వచ్చేటట్లయితే అతడు మన ప్రభుత్వంవద్ద నమోదైనవాడై ఉండాలి. ఈ ఉద్యోగం ఎండలో గంటల తరబడి నిలబడే ఉద్యోగమనీ ముందే తెలుసుకోవాలి.

పిల్లలైన మీకు కూడా కొన్ని నియమాలున్నాయి. పెద్దలు చూడనిదే నీటిలో దిగవద్దు. ఎరుపు, పసుపు రంగుల జెండాల మధ్యనే సముద్రస్నానం చేయండి. ఎర్రజెండా ఎగురుతుంటే నీటిలోకి వెళ్ళవద్దు. ఎవరైనా మునుగుతుంటే వెంటనే దూకవద్దు. భయపడినవాడు పట్టుకొన్నవారినీ ముంచుతాడు. ముందు పెద్దలను కేకవేయండి. తరువాత ఒడ్డున పడుకొని కర్రయినా, తువాలైనా అందించండి. అందకపోతే తేలే వస్తువును విసరండి.

వైద్యుడు ఎందరిని బ్రతికించాడో లెక్క చెప్పగలం. కాని లైఫ్‌గార్డు చూపువల్ల ఆపదే రాకుండా తప్పినవారిని ఎవరు లెక్కించగలరు? సాయంత్రం పిల్లలందరూ తలలు తుడుచుకొంటూ ఇళ్ళకు వెళ్ళిపోతారు. ఆనాడు ఏమీ జరగలేదంటారు. ఏమీ జరగకపోవడమే అతని పనితనం. ఈసారి కొలను దగ్గరకు వెళ్ళినప్పుడు ఎత్తుపీటమీద కూర్చున్న ఆ మనిషికి ఒక నమస్కారం పెట్టండి. మాటలతో మాత్రం ఎక్కువసేపు నిలపవద్దు. అతని చూపు నీటిమీద ఉండాలి.

ప్రశ్నలు

1. ముత్యాల పడవలోని సైబ్‌కు, నేటి లైఫ్‌గార్డుకు గల పోలికలేమిటి?
2. మునిగిపోయేవారు కేకలు వేయలేకపోవడానికి కారణమేమి?
3. "కొలను అద్దెను పంచవచ్చు, చూపును పంచలేం." దీని భావాన్ని పాఠంలోని లెక్కతో వివరించండి.
4. మీ తాతగారు గాని, అమ్మమ్మగారు గాని ఈత ఎలా నేర్చుకొన్నారో అడిగి పది వాక్యాలు రాయండి.