‘డూ యూ హ్యావ్ ఎ బైక్?’ అంటే పల్సర్ గురించి చెప్పేస్తున్నారా?

ఎగ్జామినర్ నవ్వుతూ అడిగారు: ‘డూ యూ హ్యావ్ ఎ బైక్?’ మీరు పల్సర్ మైలేజీ, చలాన్లు, నాన్న తిట్లు గడగడా చెప్పేశారు. తర్వాతి ప్రశ్న: ‘చిన్నప్పుడు తొక్కడం ఎవరు నేర్పారు?’ అప్పుడు వెలుగుతుంది బల్బు. అడిగింది సైకిల్ గురించి!

మనకు బైక్ అంటే మోటార్ సైకిల్. ఇంగ్లిష్‌వాళ్లు సైకిల్‌ని కూడా బైక్ అనే అంటారు. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో ఈ టాపిక్ వస్తే చాలామంది తడబడేది ఇక్కడే. అనుమానం వస్తే ‘డూ యూ మీన్ ఎ బైసికిల్?’ అని అడిగేయండి. తప్పేం లేదు. ఫీజు పదిహేను వేలు దాటింది మరి, మొహమాటానికి పోతే నష్టం మనకే.

మార్కులు దేనికి?

టెస్టు మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. చూసేవి నాలుగే: ఆగకుండా, పొందికగా మాట్లాడటం, పదాలు, గ్రామర్, ఉచ్చారణ. నాలుగింటికీ సమాన వెయిటేజీ. మీ దగ్గర సైకిల్ ఉందా లేదా అన్నదానికి మార్కుల్లేవు. ‘ఐ డోంట్ రైడ్ నౌ’ అని చెప్పి, ఎందుకో చెప్పినా మంచి జవాబే.

బట్టీ పట్టొద్దు

‘సైక్లింగ్ ఈజ్ గుడ్ ఫర్ హెల్త్ అండ్ ఎన్విరాన్‌మెంట్’. ఈ వాక్యం ఎగ్జామినర్లు వినీ వినీ ఉంటారు. బట్టీ పట్టిన జవాబుని ఇట్టే పట్టేస్తారు కూడా. దానికి బదులు మీ సైకిల్‌నే గుర్తు చేసుకోండి. సీటు అందక బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కారా? స్కూలుకి వెళ్తుంటే చైన్ ఊడి చేతులు నల్లగా అయ్యాయా? తమ్ముణ్ని వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టి పడేశారా? ‘ద చైన్ కెప్ట్ కమింగ్ ఆఫ్’ అన్న ఒక్క ముక్క, పది అరిగిపోయిన వాక్యాల కంటే మేలు.

మనం చేసే తప్పులు

‘ఐ యామ్ హ్యావింగ్ ఎ సైకిల్’ కాదు, ‘ఐ హ్యావ్’. సైకిల్‌కి ‘డ్రైవ్’ వాడకూడదు, ‘రైడ్’ అనాలి. ‘తొక్కడం వచ్చు’ అన్నది మనసులో పెట్టుకుని ‘ఐ నో టు రైడ్’ అంటాం. ‘ఐ నో హౌ టు రైడ్’ అనాలి. చిన్ననాటి అలవాట్లకి ‘యూజ్డ్ టు’ బాగా పనికొస్తుంది: ‘ఐ యూజ్డ్ టు రైడ్ టు స్కూల్’. ఇంకోటి, స్పెల్లింగ్ చూసి ‘బై-సైకిల్’ అనకండి. ‘బైసికిల్’ అనాలి, ఒత్తు మొదటి అక్షరం మీద.

కార్డు చేతికొస్తే

రెండో పార్టులో ‘మీరు వెళ్లిన ఒక సైకిల్ ట్రిప్ గురించి చెప్పండి’ లాంటి కార్డు రావచ్చు. ఆలోచించడానికి ఒక నిమిషం, మాట్లాడటానికి ఒకటి నుంచి రెండు నిమిషాలు. కాగితం, పెన్సిల్ ఇస్తారు. వాక్యాలు రాస్తూ కూర్చుంటే నిమిషం అయిపోతుంది. ఐదు మాటలు చాలు: ఎక్కడికి, ఎవరితో, ఎండ, పంక్చర్, అమ్మ. మిగతాది మీ నోరే అల్లుకుంటుంది.

మూడో పార్టులో ప్రశ్న పెద్దదవుతుంది: నగరాల్లో సైకిల్ ట్రాక్‌లు అవసరమా? ఇక్కడ మన ఊరి ఉదాహరణ చెబితే జవాబుకి బలం. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల ట్రాక్ ఉంది. పైకప్పంతా సోలార్ ప్యానెళ్లే. 2023 అక్టోబర్ 1న మొదలైంది. అక్కడితో ఆగకండి. అది ఆఫీసుకు వెళ్లేవాళ్లకి ఉపయోగమా, వీకెండ్ రైడర్లకేనా? రెండు వైపులా మాట్లాడండి. ఈ పార్టులో చూసేది అదే.

ఈ రాత్రికి ఒక పని. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, మీ మొదటి సైకిల్ గురించి రెండు నిమిషాలు ఇంగ్లిష్‌లో మాట్లాడండి. తర్వాత వినండి. ఎక్కడ ఆగారో, ఏ మాట దొరకలేదో మీకే తెలుస్తుంది. రేపు మళ్లీ. సైకిల్ కూడా ఇలాగే కదా నేర్చుకున్నాం, పడుతూ లేస్తూ!