మీకు తెలుసా? పచ్చదనమంతా తేనె కాదు

నెల్లూరు దగ్గరి మైపాడు తీరం వెంట సరుగుడు తోటలు, లోపలికొస్తే వరి. ఎంత పచ్చగా ఉన్నా తేనెటీగకు అక్కడ చుక్క మకరందం దొరకదు. సరుగుడు పుప్పొడిని గాలే మోస్తుంది, వరి తనంతట తానే గింజ కడుతుంది.

అందుకే నెల్లూరు తీరంలో తేనెటీగకు పెరటి చెట్లే పెద్ద దిక్కు. చలి తగ్గేటప్పటికి మునగ, ఎండలు ముదిరేలోగా వేప, కానుగ, ఆ వెనకే చింత, వానల ముందు రేగు. అసలు కష్టం కార్తీకంలో, వాయుగుండాలప్పుడు. ముసురులో ఈగ గూడు దాటదు. తెరిపిచ్చిన కాసేపట్లోనే దగ్గర్లో పువ్వు దొరకాలి. అప్పుడు ఆదుకునేది కొబ్బరి. దాదాపు నెలకో పొత్తి విచ్చుకుంటూ ఏడాది పొడవునా పూస్తుంది. పొట్టి రకం చెట్టుంటే పొద్దున్నే చూడండి, గెల మీద వాలిన ఈగల వెనక కాళ్లకు లేత పసుపు పుప్పొడి ముద్దలు కనిపిస్తాయి.

పెరట్లో తులసి ఉంటే, తేనెటీగల కోసం కంకులన్నీ తుంచెయ్యకండి. పూత మీదున్న చెట్టుకు పురుగుమందు కొట్టొద్దు.