ముత్యాల సరం: మాత్ర, గతి, యతి, ప్రాస

పద్యపాఠంలో విద్యార్థిని తరచు తికమకపెట్టే మాటలు నాలుగు: మాత్ర, గతి, యతి, ప్రాస. విజయనగరంలో నివసించిన మహాకవి గురజాడ అప్పారావు (1862–1915) రూపొందించిన ‘ముత్యాల సరం’ ఈ నాలుగింటినీ తెలుసుకోవడానికి మిక్కిలి అనువైన ఛందస్సు.

అక్షరాన్ని పలకడానికి పట్టే కాలానికి కొలత మాత్ర. హ్రస్వాక్షరం లఘువు, దానికి ఒక మాత్ర. దీర్ఘాక్షరమూ, సున్నతో కూడిన అక్షరమూ, ద్విత్వ సంయుక్తాక్షరాలకు ముందున్న అక్షరమూ గురువులు. వీటికి రెండేసి మాత్రలు. శ్రీకాకుళం ప్రాంతపు నదిని గూర్చి ‘వంశధారకు వరద వచ్చెను’ అన్నామనుకుందాం. ‘వంశ’ 3, ‘ధారకు’ 4, ‘వరద’ 3, ‘వచ్చెను’ 4, వెరసి 14 మాత్రలు. ఇట్లు మూడు, నాలుగు మాత్రల గణాలు ఒకదాని వెంట ఒకటి రాగా ఏర్పడే నడకయే మిశ్రగతి. ‘తకిట తకధిమి’ అని తాళం వేస్తూ చదివితే వేళ్లు మడిచి లెక్కించవలసిన పనే ఉండదు. ముత్యాల సరంలో మొదటి మూడు పాదాలూ ఈ కొలతకు నడుస్తాయి; నాల్గవ పాదం తరచు కురుచగా ముగుస్తుంది.

పై వాక్యంలో మొదటి అక్షరానికీ, మూడవ గణం తొలి అక్షరమైన ‘వ’కూ పొత్తు కుదిరింది. ఇట్టి మైత్రి యతి. పాదాలన్నింటా రెండవ అక్షరంలో ఒకే హల్లు రావడం ప్రాస. ఉత్పలమాల వంటి వృత్తంలో పాదానికి 20 అక్షరాలు, వాటి గురులఘువుల వరుస, పదవ అక్షరం వద్ద యతి, నాలుగు పాదాలకూ ప్రాస తప్పనిసరి. నేర్పరికి ఇవి అలంకారాలే; సామాన్య కవి మాత్రం ప్రాస కోసం అక్కరలేని మాటను తెచ్చి అతికించేవాడు.

గురజాడ ప్రాసనియమాన్ని విడిచాడు. యతిని నిర్బంధంగా పాటించలేదు. అయితే ఇది పూర్తిగా శూన్యం నుండి పుట్టినది కాదు. 28 మాత్రల వృషభగతి రగడ పాదాన్ని సగానికి విరిస్తే ఈ 14 మాత్రల నడకయే లభిస్తుంది. పాత గతిలో వాడుకమాటలను ఇమిడించడమే ఆయన చేసిన కొత్త పని.

దాని ఫలితం 1910లో వెలువడిన ‘ముత్యాల సరములు’లో కనిపిస్తుంది. ఆ ఏడు కనిపించిన హేలీ తోకచుక్కను అపశకునమని జనం భయపడుతుండగా, ఆ కవితలోని భర్త దానిని భార్యకు చూపి, వర్ణభేదాలు సమసిపోయే కాలాన్ని ఊహిస్తాడు. ‘కన్యక’, ‘లవణరాజు కల’ కథలను కూడా గురజాడ ఈ ఛందస్సులోనే చెప్పాడు.