కాటా కదలకపోతే కసరత్తు మానేయాలా?

నాలుగైదు నెలలు రోజూ పొద్దున్నే నడిచి నాలుగు కిలోలు తగ్గినవారు, ఇంకాస్త తగ్గుదామని జిమ్‌లో చేరి బరువులెత్తడం మొదలుపెడతారు. మూడు వారాలు గడుస్తాయి. ఒళ్లు నొప్పులు పుడుతూనే ఉంటాయి, తిండీ అదుపులోనే ఉంటుంది, కానీ కాటా మీద అంకె కదలదు. కొందరికి కిలో పెరిగినట్టు కూడా కనిపిస్తుంది. ‘ఇది నా ఒంటికి పడలేదు’ అనుకుని చాలామంది మానేసేది ఇక్కడే. కొత్త పనికి శరీరం అలవాటుపడుతున్న సమయంలో దాన్ని ఆపేయడం చాలా నష్టం. అందుకు దారితీసే అపోహలేమిటో చూద్దాం.

అపోహ: బరువు తగ్గలేదంటే కొవ్వు కరగనట్టే.

వాస్తవం: కాటా కొవ్వును విడిగా తూచదు. ఎముకలు, కండలు, రక్తం, పేగుల్లోని ఆహారం, ఒంట్లోని నీరు అన్నీ కలిపి ఒకే అంకె చూపిస్తుంది. కొత్త వ్యాయామం మొదలెట్టగానే వీటిలో ముందుగా మారేది నీరు.

అలవాటు లేని కసరత్తు చేస్తే కండరాల పోగులు సూక్ష్మంగా దెబ్బతింటాయి. వాటిని బాగుచేసుకునే క్రమంలో అక్కడ వాపు వచ్చి నీరు చేరుతుంది. మర్నాడో మూడోనాడో మెట్లు దిగుతుంటే తొడలు పట్టేసినట్టుండేది ఇందుకే. ఈ నొప్పి సాధారణంగా 24 నుంచి 72 గంటల మధ్య ఎక్కువగా ఉంటుంది.

పైగా, పెరిగిన శ్రమకు తగ్గట్టు కండరాలు గ్లైకోజన్ రూపంలో పిండిపదార్థాన్ని మరింత దాచుకుంటాయి. ఒక్కో గ్రాము గ్లైకోజన్‌తో పాటు సుమారు 3 గ్రాముల నీరు చేరుతుంది. అంటే గ్లైకోజన్ 150 గ్రాములు పెరిగితే నీటితో కలిపి 600 గ్రాములు పెరిగినట్టు. పరుగు, సైక్లింగ్ లాంటివి కొత్తగా మొదలెట్టినవారిలో రక్తంలోని ద్రవభాగం కూడా కొంత పెరుగుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. రోజుకు 300 కేలరీల చొప్పున తక్కువ తింటే మూడు వారాల్లో 6,300 కేలరీల లోటు. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి కాబట్టి కరిగింది ముప్పావు కిలో పైచిలుకు. అదే సమయంలో దాదాపు అంతే నీరు చేరితే, కరిగిన కొవ్వు కాటాకు కనిపించదు.

అపోహ: కొవ్వంతా కండగా మారిపోయింది, అందుకే బరువు తగ్గలేదు.

వాస్తవం: కొవ్వు, కండ వేర్వేరు కణజాలాలు. ఒకటి మరొకటిగా మారదు. కిలో కండ, కిలో కొవ్వు తూకంలో సమానమే. కాకపోతే కండ సాంద్రత ఎక్కువ కాబట్టి తక్కువ చోటు పడుతుంది. అందుకే బరువు అంతే ఉన్నా ప్యాంటు నడుం దగ్గర వదులవుతుంది. కొత్తగా బరువులెత్తేవారికి కొంత కండ పెరుగుతుంది గానీ, మూడు వారాల్లో కిలోలకు కిలోలు పెరగదు. నెలల తరబడి బరువూ, నడుం కొలతా రెండూ కదలకపోతే ఆ భారం కండ మీద వేయకూడదు. తిండి లెక్క మళ్లీ చూసుకోవాలి.

అపోహ: చెమట ఎంత కారితే కొవ్వు అంత కరుగుతుంది.

వాస్తవం: చెమటలో పోయేది నీరు, ఉప్పు. నీళ్లు తాగగానే ఆ బరువు తిరిగొస్తుంది. ప్లాస్టిక్ సూట్లు వేసుకుని, ఎండలో పరిగెత్తి చెమట పట్టించుకుంటే వడదెబ్బ తగులుతుంది. ప్రాణానికే ప్రమాదం.

అపోహ: జిమ్‌కు వెళ్తున్నాం కాబట్టి తిండి గురించి ఆలోచించనక్కర్లేదు.

వాస్తవం: 65 కిలోల మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 250 నుంచి 300 కేలరీలు. వచ్చే దారిలో రెండు సమోసాలు తింటే అది తిరిగి వచ్చేసినట్టే. కొత్త కసరత్తుతో ఆకలి పెరగొచ్చు. అలసటతో మిగతా రోజంతా కూర్చునే ఉండిపోవచ్చు. ఈ రెండూ మనకు తెలియకుండానే జరుగుతాయి.

అపోహ: కాటా ఆగితే వ్యాయామం రెట్టింపు చేసి, తిండి సగానికి తగ్గించాలి.

వాస్తవం: అలా చేస్తే కొవ్వుతో పాటు కండా కరుగుతుంది. గాయాలవుతాయి, నీరసం వస్తుంది. కండరం కోలుకోవడానికి నిద్ర, విశ్రాంతి, మాంసకృత్తులు కావాలి. పప్పు, పెరుగు, గుడ్లు, చేపలు రోజువారీ భోజనంలో ఉండేలా చూసుకోండి.

అపోహ: నిన్నటికంటే అరకిలో పెరిగితే కొవ్వు పెరిగినట్టే.

వాస్తవం: ఒక్కరోజులో బరువు కిలో అటూఇటూ కావడం మామూలే. రాత్రి బిర్యానీ, పచ్చడి, అప్పడాలు తింటే ఉప్పుతో పాటు ఒంట్లో నీరు నిలుస్తుంది. రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటకూడదన్నది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సలహా. మలబద్ధకం, ఆడవారికి నెలసరి ముందు రోజులు కూడా అంకెను పెంచుతాయి.

అందుకే ఉదయం కాలకృత్యాలు తీరాక, ఏమీ తినకముందు, ఒకే కాటా మీద తూచుకోండి. ఏడు రోజుల సగటును గత వారపు సగటుతో పోల్చండి. కింది పక్కటెముకకు, తుంటి ఎముక పైభాగానికి మధ్య టేపు పెట్టి రెండు వారాలకోసారి నడుం కొలవండి. మనవారికి హెచ్చరిక గీత మగవారిలో 90, ఆడవారిలో 80 సెంటీమీటర్లు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

కాళ్లవాపు, ఆయాసంతో బరువు గబగబా పెరిగినా, తీవ్రమైన కసరత్తు తర్వాత మూత్రం ముదురు గోధుమ రంగులో వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. విపరీతమైన అలసట, చలికి తట్టుకోలేకపోవడం, జుట్టు రాలడం ఉంటే థైరాయిడ్ పరీక్ష అవసరమవుతుంది. స్టెరాయిడ్లు, కొన్ని మధుమేహ, మానసిక సమస్యల మందులూ బరువు పెంచుతాయి. అలాగని మందులు సొంతంగా మానొద్దు, డాక్టర్‌తో మాట్లాడండి.

బరువు తగ్గకపోయినా వ్యాయామం రక్తపోటును తగ్గిస్తుంది, ఇన్సులిన్ బాగా పనిచేసేలా చేస్తుంది, గుండెకు బలమిస్తుంది. వీటిలో ఒక్కటి కూడా కాటా మీద కనిపించదు. కాబట్టి కొత్త కసరత్తుకు కనీసం ఆరు వారాల గడువివ్వండి. అప్పటిదాకా అంకె చూసి నిరాశపడి మానేయకండి.