మీ సంఘం సనదు ఎక్కడున్నది?

పాల సంఘం గదిలో పటం కట్టించి గోడకు తగిలించిన రిజిస్ట్రేషను పత్రం చాలా ఊళ్ళలో కనబడుతుంది. దానితోబాటు నమోదైన బైలాల పుస్తకం ఏదని అడిగితే మాత్రం పెట్టెలు వెదకవలసి వస్తున్నది. సంఘానికి అసలు ఆధారం ఆ పుస్తకమే.

ఒక సంస్థ పుట్టుకకు మూలమైన పత్రాన్ని ఇంగ్లీషువారు చార్టరు అన్నారు; కాగితమని అర్థమిచ్చే లాటిన్ మాటనుండి వచ్చినది. మనవారు సనదు అన్నారు. పూర్వం సనదు పైనుండి దిగేది. 1600 డిసెంబరు 31న ఎలిజబెత్ రాణి లండను వర్తకులకిచ్చిన సనదుతో ఈస్టిండియా కంపెనీ పుట్టింది. తూర్పుదేశాల వర్తకం 15 ఏండ్లపాటు వారి సొత్తు. ఆ బలంతోనే 1611లో కంపెనీ ఓడ మచిలీపట్నం చేరింది. ఇచ్చినది రాణి, పుచ్చుకొన్నది వర్తకులు. బట్ట నేసే సాలెవాని మాట అందులో లేదు.

1844లో అదే ఇంగ్లండులో, రాచ్‌డేల్ పట్టణంలో 28 మంది కలిసి తమ నియమాలు తామే వ్రాసుకొని నమోదు చేయించారు. వారిలో పలువురు నేతపనివారే! వాటా సొమ్ముకు వడ్డీ పోను మిగిలిన లాభాన్ని ఎవరెంత సరుకు కొన్నారో దానినిబట్టి పంచాలన్నారు. మనం పోసిన పాల విలువనుబట్టి బోనసు పంచుకోవడం ఆ బాటలోనిదే.

మన దేశంలో 1904 చట్టం పరపతి సంఘాలకే పరిమితం. 1912 చట్టం ఇతర సంఘాలకూ దారి తెరచింది. సంఘం బైలాలను ఎవరైనా ఉచితంగా చూడవచ్చునని కూడ చెప్పింది.

చూస్తే ఏమి లాభమంటారా? ఒక సంఘంలో ఎన్నికలకు ముందు పాలకవర్గం తీర్మానం వ్రాసి, ఓటుకు కావలసిన పాలు పోసే రోజులను పెంచింది. గేదెలు వట్టిపోయిన పేద సభ్యుల పేర్లు జాబితాలో లేకుండా పోయినవి. ఎక్కువమంది ఆడవారే. బైలాలు తెరిపించి చూస్తే పాత సంఖ్యే ఉన్నది. 1964 చట్టం క్రింద బైలా సవరణ సర్వసభ్య సమావేశం ఆమోదించి, రిజిస్ట్రారు నమోదు చేసిన తరువాతనే చెల్లుతుంది. ఆ తీర్మానం చెల్లలేదు, పేర్లు తిరిగి ఎక్కినవి.

కనుక ముందు ఓటు అర్హత, బోనసు పంపకం, పాలకవర్గం అధికారాల నిబంధనలు చదివించుకొని వినండి. పుస్తకం పోయిందని కార్యదర్శి అంటే, సంఘాన్ని నమోదు చేసిన సహకార శాఖ కార్యాలయంలో రుసుము చెల్లించి నకలు తెప్పించుకోవచ్చును.