నోటితో 140... కాగితం మీద 200

సంతలో చిటికెలో లెక్క తేల్చే పిల్లలు బడి పరీక్షలో తడబడుతున్నారు. బడిలో లెక్కలు బాగా చేసే పిల్లలు కూరగాయల బేరం దగ్గర నీళ్లు నములుతున్నారు. కోల్‌కతా, దిల్లీ నగరాల్లో జరిగిన ఓ పెద్ద పరిశోధన ఈ రెండు నిజాలనూ పక్కపక్కన పెట్టింది.

కిలో 20 రూపాయల చొప్పున 800 గ్రాముల బంగాళాదుంపలు. కిలో 15 రూపాయల చొప్పున కిలో 400 గ్రాముల ఉల్లిపాయలు. ఇచ్చింది 200 రూపాయల నోటు. చిల్లర ఎంత రావాలి?

కోల్‌కతా మార్కెట్లలో కూరగాయలు అమ్ముతున్న పిల్లల దగ్గరికి మామూలు కొనుగోలుదారుల్లా వెళ్లి పరిశోధకుల బృందం చేసిన బేరాల్లో ఇదొకటి. పెన్నూ కాగితం ఏమీ లేవు. మొత్తం 37 అనాలి, 163 లెక్కపెట్టి చేతిలో పెట్టాలి. ఒకసారి తప్పు చెబితే సరిచేసుకునే వీలిచ్చారు. రెండో ప్రయత్నానికల్లా సరిగ్గా చెప్పినవాళ్లు 95 నుంచి 98 శాతం.

ఆ తర్వాత అదే పిల్లలకు బడిలో ఇచ్చే తరహా లెక్కలిచ్చారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు 32 శాతం. రెండంకెల తీసివేతలు రెండిస్తే రెండూ సరిగ్గా చేసినవాళ్లు 54 శాతం. అంతకన్నా చిక్కు లెక్కను బేరంలో నోటితో తేల్చేసినవాళ్లే వీళ్లంతా.

2025 ఫిబ్రవరిలో ‘నేచర్’ పత్రికలో వచ్చిందీ పరిశోధన. రచయితల్లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఉన్నారు. పేదరికం మీద చేసిన ప్రయోగాలకు 2019లో ఆర్థిక శాస్త్ర నోబెల్‌ను మైకేల్ క్రేమర్‌తో కలిసి పంచుకున్న దంపతులు వీళ్లు. పసిపిల్లల మనసులో అంకెల ఊహ ఎలా పుడుతుందో దశాబ్దాలుగా పరిశోధిస్తున్న హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ స్పెల్కీ వీళ్లకు తోడయ్యారు. స్వాతి భట్టాచార్జీ, రాఘవేంద్ర చట్టోపాధ్యాయ్, అలెహాంద్రో గనీమియన్, కైలాష్ రాజా మిగతా రచయితలు. మార్కెట్లలో పనిచేసే పిల్లలు 1,436 మంది, చుట్టుపక్కల బడుల్లో చదువుతూ అమ్మకాల అనుభవం లేని పిల్లలు 471 మంది ఇందులో పాల్గొన్నారు.

800 గ్రాములే ఎందుకు?

ఈ పత్రంలో పట్టికలూ శాతాలూ బోలెడున్నాయి. వాటన్నిటికన్నా ముచ్చటైనది ఆ 800 గ్రాముల బేరమే. కూరగాయల బండి దగ్గర ఎవరైనా అడిగేది పావుకిలో, అరకిలో, ముప్పావు, కిలో. వాటి ధరలు అమ్మేవాళ్లకు కంఠతా వచ్చేసి ఉంటాయి. అరకిలో అడిగి జవాబు రాబడితే ఆ పిల్లవాడు లెక్క వేశాడో, గుర్తున్నది అప్పజెప్పాడో తెలీదు. 800 గ్రాములు, కిలో 400 గ్రాములు అంటే మాత్రం అప్పటికప్పుడు లెక్క కట్టక తప్పదు.

అందులో ఎన్ని మెట్లున్నాయో చూడండి. కిలో 20 అయితే వంద గ్రాములు 2 రూపాయలు, 800 గ్రాములకు 16. లేదా కిలోకి 20, అందులో 200 గ్రాములకు 4 తగ్గిస్తే 16. ఉల్లిపాయలు కిలోకి 15, పైన 400 గ్రాములకు 6, మొత్తం 21. పదహారూ ఇరవై ఒకటీ కలిపితే 37. ఇక చిల్లర. అమ్మేవాళ్లు చాలామంది ఇక్కడ తీసివేత జోలికే వెళ్లరు. 37కి మూడేస్తే నలభై, అరవై వేస్తే వంద, ఇంకో వంద వేస్తే రెండొందలు అంటూ చిల్లర చేతిలో పెట్టేస్తారు. మూడు, అరవై, వంద కలిపి 163.

అదే తీసివేతను బడిలో 200 కింద 37 వేసి చేయమంటారు. సున్నాలోంచి ఏడు పోదు, పక్కనుంచి అప్పు తేవాలి. పక్కనా సున్నాయే, దానికి అవతల నుంచి అప్పు తేవాలి. రెండు ఒకటవుతుంది, సున్నా పదవుతుంది, ఆ పది మళ్లీ తొమ్మిదవుతుంది. చిన్న తరగతుల్లో పిల్లలు ఎక్కువగా తప్పటడుగులు వేసే చోటే ఇది. ఏ ప్రశ్న అడిగినా ఇంత జాగ్రత్తగా అడగాలనిపించేలా ఉంది ఆ బేరం. పరిశోధన విలువలో సగం అక్కడే ఉంది.

బజారులో వాళ్ల నేర్పు బట్టీ పట్టడం వల్ల వచ్చింది కాదని తేలింది. మరి పక్కవాళ్ల సాయమా? బజారులో ధైర్యంగా ఉండి పరీక్ష అనేసరికి బెదిరిపోతున్నారా? బజారులో తప్పు చేస్తే డబ్బు పోతుంది కాబట్టి అక్కడ ఒళ్లు దగ్గర పెట్టుకుంటున్నారా? ఒక్కోదాన్నీ విడిగా పరీక్షించి చూశారు. వీటిలో ఏదీ ఈ తేడాకు కారణంగా నిలబడలేదు. మార్కెట్ పిల్లలకు తమవైన ఉపాయాలున్నాయని కూడా గమనించారు. 43ను 11తో హెచ్చవేయాలంటే ముందు పదితో హెచ్చవేసి 430, దానికో 43 కలిపి 473. పది మీద ఆధారపడిన మన సంఖ్యా విధానం వీళ్లకు బాగా వంటబట్టింది. బడి పిల్లల్లో ఆ చురుకు కనిపించలేదు.

రెండో సగం ఎవరికీ పట్టలేదు

పరిశోధన బయటికి రాగానే దాన్ని వీధి పిల్లల తెలివితేటల కథగా చెప్పుకోవడం మొదలైంది. వినడానికి బాగానే ఉంటుంది. పత్రంలోని రెండో సగం మాత్రం బడికి క్రమం తప్పకుండా వెళ్లే పిల్లల తల్లిదండ్రులను ఉలిక్కిపడేలా చేయాలి.

దిల్లీలో 17 బడుల నుంచి, మార్కెట్లో పనిచేయని 200 మంది పిల్లలను తీసుకున్నారు. కాగితం, పెన్సిలు, కావలసినంత సమయం ఇచ్చి మామూలు లెక్కలు చేయమంటే 96 శాతం చేశారు. ఉత్తుత్తి దుకాణం పెట్టి అలాంటి లెక్కలే బేరం రూపంలో అడిగితే 60 శాతానికి పడిపోయింది. అక్కడా కాగితం ఉంది, సమయానికి హద్దు లేదు. మరో దశలో కాగితం లేకుండా నోటితో చేయాల్సిన ఒక బజారు లెక్క ఇచ్చారు. పనిచేసే పిల్లల్లో మూడో వంతుకు పైగా సరిగ్గా చెప్పారు. బడి పిల్లల్లో చెప్పగలిగింది కేవలం 1 శాతం. కాగితం మీది భాగహారాలు, తీసివేతల దగ్గర మాత్రం బడి పిల్లలదే పైచేయి. వాళ్లు 59 శాతం, మార్కెట్ పిల్లలు 45 శాతం.

బడి పిల్లలు రాసిన లెక్కలను పరిశీలిస్తే అవి చాలా చుట్టుదారుల్లో సాగాయి. ఒకే లెక్కలో గుణకారం, కూడిక, తీసివేత కలిసి వస్తే దేని తర్వాత ఏది చేయాలో తోచలేదు. జవాబు వచ్చినా బజారులోనే కాదు, పైతరగతి గణితంలోనూ పనికిరానంత నెమ్మదిగా వచ్చింది. ఈ రెండో ఫలితమే అసలు కలవరపెట్టేది. పనిచేసే పిల్లలకు బడి అందలేదని సర్దిచెప్పుకోవచ్చు. వీళ్లకు బడి అందింది కదా!

నాలుగు కొబ్బరికాయల కథ

బజారు లెక్క, బడి లెక్క రెండూ ఒకే బుర్రలో ఉండి కూడా ఒకదానికొకటి ఎందుకు ఆసరా కావడం లేదు? దీనికి దొరికిన అత్యంత సజీవమైన సాక్ష్యం మన దేశానిది కాదు. బ్రెజిల్‌లోని రెసీఫె నగరానిది. 1985లో తెరెజిన్యా కరాహెర్, డేవిడ్ కరాహెర్, అనలూసియా ష్లీమన్ అనే ముగ్గురు పరిశోధకులు 9 నుంచి 15 ఏళ్ల మధ్య పిల్లలు అయిదుగురిని వాళ్ల దుకాణాల దగ్గరే లెక్కలడిగి, తర్వాత అవే లెక్కలను కాగితం మీద ఇచ్చారు. బేరంలో 98 శాతం సరిపోయాయి. కథలా చెప్పిన లెక్కల్లో 74 శాతం. వట్టి అంకెలుగా ఇస్తే 37 శాతం.

అందులో ఒక పన్నెండేళ్ల బాలుడు కొబ్బరికాయలు అమ్ముతున్నాడు. కాయ 35 క్రుజేరోలు. నాలుగు కావాలంటే ఎంత? మూడు కాయలు 105 అని అతనికి తెలుసు. దానికి ముప్పై కలిపి 135 అన్నాడు. ఇంకో అయిదు కలిపి 140 అన్నాడు.

అదే 35ను 4తో గుణించమని కాగితం ఇచ్చారు. నాలుగైదులు ఇరవై, సున్నా వేసి రెండు పైకి ఎక్కించాడు. ఇప్పుడు మూడును నాలుగుతో గుణించి ఆ రెండు కలపాలి. అతను ముందే రెండూ మూడూ కలిపి అయిదు చేసి, దాన్ని నాలుగుతో గుణించాడు. ఇరవై. జవాబు 200.

తప్పు ఎక్కడుందో చూడండి. గుణకారం వచ్చు, ఎక్కించడం తెలుసు, మెట్ల వరుస మాత్రమే తారుమారైంది. దుకాణంలో ఎవరైనా నాలుగు కాయలకు 200 ఇస్తే ఆ పిల్లవాడు తప్పకుండా వెనక్కిచ్చేవాడు. కాయ 35 అయినప్పుడు నాలుగు కలిపి 200 కావని అతనికి తెలుసు. కాగితం మీద 35 కొబ్బరికాయ ధర కాకుండా పోయింది. జవాబును సరిచూసుకునే ఆ తెలివిని వాడాలన్న ఊహే రాలేదు. అదే పరిశోధనలో పది కాయల ధర చెప్పాల్సి వచ్చినప్పుడు 35 పక్కన సున్నా పెట్టడం ఎవరికైనా తోచే బడి పద్ధతి. అక్కడి జవాబు మూడు కాయలు 105, మరో మూడు 210, ఇంకో మూడు 315, ఆపై ఒకటి 350 అంటూ వచ్చింది. పొడుగు దారే. అయితే ప్రతి మెట్టు దగ్గరా అర్థం ఉంది.

అయిదుగురు పిల్లలతో చేసిన ఆ చిన్న అధ్యయనాన్ని నలభై ఏళ్ల తర్వాత దాదాపు రెండు వేల మంది పిల్లలతో, రెండు వైపుల నుంచీ సరిచూసుకున్నట్టయింది.

ఈ దారిలో నడిచినవాళ్లు ఇంకా ఉన్నారు. అమెరికాకు చెందిన జీన్ లేవ్ లైబీరియా దర్జీల లెక్కలను, కాలిఫోర్నియాలో సరుకులు కొనేవాళ్ల లెక్కలను పరిశీలించారు. ముంబయిలోని హోమీ భాభా విజ్ఞానశాస్త్ర విద్యా కేంద్రం పరిశోధకులు ధారావి పిల్లల పని లెక్కలను నమోదు చేశారు.

బడి ఏం చేయాలి?

పిల్లల్ని అంగట్లో కూర్చోబెడితే లెక్కలు వచ్చేస్తాయని ఎవరైనా అంటే ఈ పత్రాన్ని సగమే చదివినట్టు. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని నిషేధించింది. బడి అయ్యాక, సెలవుల్లో కుటుంబ వ్యాపారంలో సాయం చేయడానికి మాత్రం వీలిచ్చింది. బడి లెక్క రాని పిల్లవాడికి పదో తరగతి గట్టెక్కడం కష్టం. 163 చిల్లర తప్పు లేకుండా ఇచ్చే నేర్పు ఉండి కూడా ఆ గడప దగ్గర ఆగిపోవడం ఆ పిల్లవాడి తప్పు కాదు. ఆ నేర్పును పలకరించని బడిదే తప్పు.

గ్రామీణ భారతంలో ఎంతమంది ఆగిపోతున్నారో పిల్లల చదువుల స్థితిని సర్వే చేసే ‘అసర్’ నివేదిక చెబుతూనే ఉంది. 2024లో అయిదో తరగతి పిల్లల్లో మామూలు భాగహారం చేయగలిగినవాళ్లు 30.7 శాతమే. 14 నుంచి 18 ఏళ్లవాళ్లను అడిగిన 2023 నివేదికలో ఇంకో సంగతి ఉంది. వస్తువును స్కేలు మీద సున్నా దగ్గర పెడితే 85 శాతం మంది పొడవు చెప్పగలిగారు. కాస్త పక్కకు జరిపి పెడితే 39 శాతం.

మనకు దగ్గరలో ఒక దారి కనిపిస్తుంది. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం తన పల్లె బడుల్లో ‘మెట్రిక్ మేళా’ పెడుతుంది. ఆ రోజు బడే సంత అవుతుంది. పిల్లలు దుకాణాలు పెట్టి తూచి, కొలిచి అమ్ముతారు. ఊళ్లో అమ్మానాన్నలు వచ్చి కొంటారు. కర్ణాటకలోని చాలా ప్రభుత్వ బడుల్లో ‘మక్కళ సంతె’ పేరుతో ఇలాంటిదే జరుగుతుంది. ఇక్కడే ఒక జాగ్రత్త కావాలి. సంత ఒక్క రోజు సరదాగా ముగిసిపోతే లాభం లేదు. మర్నాడు తరగతిలో ఆ చిల్లరను ఎలా లెక్కపెట్టావని పిల్లవాడిని అడగాలి. అతను చెప్పిన మూడు, అరవై, వందను నల్లబల్ల మీద రాయాలి. దాని పక్కనే అప్పు తెచ్చుకునే తీసివేత చేసి, రెండు చోట్లా 163 ఎందుకు వచ్చిందో చూపించాలి. ఉపాధ్యాయుల శిక్షణలో ఈ ఒక్క గంటకు చోటు దొరికితే ఎంతో మేలు.

ఆటలు చాలవు

‘నేచర్’ పత్రం రాసిన బృందంలోని డఫ్లో, స్పెల్కీ ఇతరులతో కలిసి 2017లో ‘సైన్స్’ పత్రికలో మరో ఫలితం ప్రకటించారు. దిల్లీలోని 214 పూర్వ ప్రాథమిక కేంద్రాలను తీసుకుని, వాటిలో కొన్నింట పసిపిల్లలతో నాలుగు నెలలపాటు సంఖ్యల ఆటలు, ఆకారాల ఆటలు ఆడించారు. గుంపుల్లో ఏది ఎక్కువో అంచనా వేసే సహజమైన నేర్పు పెరిగింది, ఏడాది తర్వాతా నిలిచింది. ఒకటో తరగతి లెక్కల్లో మాత్రం ఆ లాభం కనిపించలేదు. సహజ జ్ఞానం దానంతటదే బడి గణితంగా మారదని అప్పటికే తెలిసిందన్నమాట.

ఫోను వచ్చాక

2016లో యూపీఐ మొదలైంది. ఇప్పుడు కూరగాయల బండి మీదా క్యూఆర్ కోడ్ ఉంది. ధర కొడితే మొత్తం చూపించే ఎలక్ట్రానిక్ కాటాలూ వచ్చాయి. నోటు తీసుకుని చిల్లర తిరిగివ్వాల్సిన సందర్భాలు తగ్గే కొద్దీ బజారు నేర్పిన లెక్క కూడా పలచబడుతుంది. అప్పుడు నోటి లెక్కలు నేర్పే బాధ్యత పూర్తిగా బడి మీదే పడుతుంది.

ఇంట్లో చేసి చూడండి

కిలో 30 రూపాయల టమాటాలు 700 గ్రాములు. కిలో 40 రూపాయల వంకాయలు కిలో 300 గ్రాములు. ఇచ్చింది 500 నోటు. ముందు కాగితం లేకుండా పిల్లల్ని అడగండి, ఏ దారిలో వచ్చారో చెప్పమనండి. తర్వాత అదే లెక్కను కాగితం మీద చేయించండి. రెండు జవాబులూ కలవకపోతే ఏది నిజమో ముందుగా వాళ్లనే తేల్చుకోనివ్వండి. మొత్తం 73, చిల్లర 427.