పాత సైకిలు: జీర్ణోద్ధారణ విచారము



పాత యిల్లు విప్పునప్పుడో, పశువులశాలను సవరించునప్పుడో అటుకమీదనుండి త్రుప్పు పట్టిన సైకిలొకటి బయటపడుట మన గ్రామములలో అరుదు కాదు. అది బయటపడిన దినముననే యింటిలో మూడు మాటలు పుట్టును. పాత యినుము కొనువాని తక్కెడ కెక్కింపుడని ఒకరు, రంగు వేయించి క్రొత్తదానివలె చేయింపుడని మరియొకరు, తాకక అట్లే యుంపుడని వేరొకరు చెప్పుదురు. ఈ మూడింటిలో ఏది యుక్తమో నిర్ణయించుట యెట్లు? ఆ తీర్పు తరచుగా ఇంటి పెద్దలమీదనే పడును గనుక ఈ విచారమును మీ యెదుట నుంచుచున్నాను.

మొదట ఆ వస్తువు ఏదో తెలియవలెను. సమానమైన రెండు చక్రములును, వెనుక చక్రమును త్రిప్పు చైనును గల నేటి సైకిలు రూపము 1885లో ఇంగ్లండులోని కావెంట్రీ నగరమున జాన్ కెంప్ స్టార్లీ నిర్మించిన ‘రోవరు’తో స్థిరపడెను. 1888లో బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడైన డన్‌లప్ గాలి నింపిన టైరును ప్రచారమునకు దెచ్చెను. స్వాతంత్ర్యమునకు పూర్వము మన జిల్లాలకు వచ్చిన సైకిళ్ళలో పెక్కు ఇంగ్లండునుండి ఓడలమీద వచ్చినవే. నాటింగ్‌హాములో చేసిన రాలీ, బర్మింగ్‌హాములో చేసిన హెర్క్యులీసు, బి.ఎస్.ఎ. అను పేరులు పెద్దలకు తెలిసినవే గదా. 1949లో మదరాసున టి.ఐ. సైకిళ్ళ సంస్థయు, 1951లో సోనీపట్టున అట్లాసును, 1956లో లూధియానాలో హీరోయు వెలసిన పిమ్మట స్వదేశపు సైకిళ్ళు ఇంటింటికి చేరెను.

హ్యాండిలు క్రింది తలగొట్టముమీది బిళ్ళను మెత్తని గుడ్డతో తుడిచి చూచిన కులగోత్రములు తెలియును. కొంగజాతి పక్షి తల రాలీకి గుర్తు. నిలువ బెట్టిన మూడు తుపాకులు బి.ఎస్.ఎ.కు గుర్తు, ఆ సంస్థ తుపాకుల కార్ఖానాగా పుట్టినది. వెనుక చక్రపు నాభిలో మూడు వేగముల యంత్రమున్నచో, అది స్టర్మీ ఆర్చరు వారిదైనచో, దానిమీద సంవత్సరమును నెలయు అంకెలుగా చెక్కబడి యుండుట తరచు. 51, 6 అని యున్నచో 1951 జూను నెల యని అర్థము. సీటు గొట్టముమీద ‘రెనాల్డ్సు 531’ అను చీటి కనబడినచో అది 1935లో వెలువడిన తేలికయైన, గట్టియైన ఉక్కు గొట్టములతో చేసినది. అట్టిది వేగముగా దూరము పోవుటకై చేసిన రోడ్డు సైకిలు గావచ్చును. దానిని బరువు లెక్కన అమ్ముట అవివేకము.

పిమ్మట పరీక్ష. మన వైద్యశాస్త్రము రోగములను సాధ్యములు, కష్టసాధ్యములు, యాప్యములు, అసాధ్యములు అని విభజించినది. ఈ విభాగము సైకిలునకును చక్కగా సరిపోవును.

టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బరులు, చువ్వలు, ఇరుసులలోని గోళీలు, చైను సాధ్యములు. ఇవి అరుగుటకే పుట్టినవి. మార్చుటలో దోషము లేదు. చైను అరిగినదో లేదో స్కేలుతో తెలిసికొనవచ్చును. బిగువుగా లాగి పిన్నునుండి పిన్నునకు 24 లంకెలు కొలిచినచో సరిగా 12 అంగుళములు రావలెను. అంతకుమించి 1/8 అంగుళము పెరిగినచో అది సాగినది. దానితో పళ్ళ చక్రమును గూడ చూడవలెను.

బిగిసిపోయిన సీటు కడ్డీ, కదలని కాటరు పిన్ను, ఊడని పెడలు కష్టసాధ్యములు. వీనికి సుత్తి మందు కాదు. చమురు పోసి దినముల కొలది ఓర్చుటయే మందు. ఎడమ పెడలు మర ఎదురు వైపునకు త్రిప్పిన గాని వదలదు. ఇది యెరుగక బలము చూపి మర చెరిచిన వారు కలరు. రాలీ కార్ఖానావారి పాత సైకిళ్ళలో పెడళ్ళ ఇరుసు తిరుగు గూటికి అంగుళమునకు 26 మరలుండును; ఇతర ఇంగ్లీషు సైకిళ్ళలో సామాన్యముగా 24 ఉండును. ఒకదాని కప్పును వేరొకదానిలో బలవంతముగా బిగించినచో గూడే చెడును. కావున పాత కప్పులు బాగుగ నున్నచో వానినే కడిగి మరల వాడుట మేలు.

వెలసిన రంగు, మచ్చలు పడిన మెరుగు, పైపై త్రుప్పు యాప్యములు. అనగా పూర్తిగా కుదరవు, కాని జాగ్రత్తతో నిలుపుకొనవచ్చును. ఇచ్చటనే జనులు తొందరపడుదురు. ఆ నల్లరంగు పొయ్యిలో కాల్చి గట్టిపరచినది. దానిమీది సన్నని బంగారు గీతలలో పెక్కు కుంచెతో దీర్చినవి. ఒకసారి గీకివేసిన పిమ్మట ఎంత ధనము పెట్టినను ఆ రంగు రాదు. త్రుప్పును చమురు గుడ్డతో తుడిచి, పలుచగా చమురు పూసి, పొడిచోట నుంచిన చాలును. రేపు రంగు వేయింపదలచిన వేయింపవచ్చును. నేడు గీకినదానిని రేపు తిరిగి తేజాలము.

ఇక అసాధ్యములు. ముందు చక్రమును పట్టు ఫోర్కున చీలిక గాని, త్రుప్పు తిని చిల్లి పడిన గొట్టము గాని యున్న సైకిలు ఎక్కదగినది కాదు. ఫోర్కు విరిగినచో ఎక్కినవాడు ముఖము నేలకు తగులునట్లు పడును. సంధుల వద్ద రంగుమీద వెంట్రుకవంటి గీత యున్నదేమో పగటి వెలుతురున వ్రేలితో తడిమి చూడవలెను. ఫ్రేము వంగినదో లేదో తెలియుటకు దారము చాలును. వెనుక ఇరుసు బిగియు చీలికకు దారము గట్టి, తలగొట్టము చుట్టు త్రిప్పి, రెండవ వైపు చీలికకు బిగువుగా గట్టి, సీటు గొట్టమునకు ఇరుప్రక్కల దారమెంత దూరమున నున్నదో కొలువుడు. రెండును సమానమైనచో వెనుక భాగము తిన్నగా నున్నది. ఆ ఫ్రేముల సంధులు ఇత్తడి కరగించి అతికినవి. సామాన్యపు వెల్డింగు వేడికి పలుచని గొట్టము ప్రక్కనే బలహీనమగును. కావున పగిలినదానిని అతికించి ఎక్కుట తగదు.

నేనెరిగిన యొక కుటుంబమున ఈ వివాదమే నడచినది. పల్లెలు తిరిగి ఉత్తరములు పంచిన పెద్దాయన సైకిలది. ఆయన గతించిన చాలకాలమునకు ఇల్లు విప్పుచుండగా బయటపడెను. పెద్దకొడుకు అమ్మివేయుద మనెను. ఉన్నతపాఠశాలకు రెండు క్రోసులు నడచి పోవుచున్న మనుమడు ఎర్రరంగు వేయించి తన కిమ్మని వేడెను. బామ్మగారు మాత్రము, “ఆయన చేయి పడిన వస్తువు, రంగు మార్పకుడు నాయనా” యనిరి. పరీక్షించి చూడగా ఫ్రేము తిన్నగా నుండెను గాని ఫోర్కు మొదట సన్నని చీలిక కనబడెను. పిల్లవానికి దుఃఖము కలిగినను సైకిలు చేతికీయలేదు. కొన్ని నెలలకు పాత యినుము అమ్మువాని వద్ద అదే తయారీ సైకిలు, ఫ్రేము విరిగినది, కనబడెను. దాని ఫోర్కు చెడలేదు, మరయు పొడవును సరిపోయెను. టైర్లు, చైను, రబ్బరులు క్రొత్తవి వేసిరి, రంగు ముట్టలేదు. ఇప్పుడు మనుమడు దానిమీదనే బడికి పోవుచున్నాడు. బామ్మగారు సాయంకాలమున ఆ బెల్లు విని వాకిటికి వత్తురు.

ఈ కథలో రెండు విషయములు గమనింపదగినవి. ఎవరో తూకమున కమ్మిన సైకిలు వేరొక సైకిలును బ్రదికించినది. కావున మీ సైకిలు అసాధ్యమైనను భాగములు విడదీసి, చమురు పూసి, వాడుకొనువారికి తెలియజేయుడు. రెండవది, బిడ్డ కోరెనని చీలిన ఫోర్కుతో పంపకుండుట ఆ పెద్దల వివేకము.

సాగియున్న సైకిలును గూడ మొదట ఇంటి ఆవరణలోనే నడిపి చూడవలెను. ఉక్కు రిమ్ముమీద వానలో బ్రేకు సరిగా పట్టదు; ఆ మాట పిల్లలకు ముందే చెప్పవలెను.

దేవాలయ జీర్ణోద్ధారణమున స్థపతి గట్టి రాతిని కదల్పడు. పగిలిన రాతినే మార్చును. సైకిలు విషయముననుం గూడ క్రమ మదియే. ముందు గుర్తింపుడు, పిదప పరీక్షింపుడు, ప్రాణాపాయమున్నచో ఎక్కకుడు, లేనిచో అరిగినవి మార్చి నడుపుడు. తిరిగి సరిదిద్దరాని పని యేదియు తొందరలో చేయకుడు. సైకిలు పుట్టినది మనుష్యుని మోయుటకు. మోయగలిగినంత కాలము దానిని మోయనిచ్చుటయే దానికి మనము చేయు గౌరవము.

సెలవు.